ముందర అర్రలో మిరపకాయలు

అప్పు తీర్చలేక అవస్థపడ్డవాళ్ల కథలు మీరు చాలానే చదివి ఉంటారు. గడువుకు ముందే అప్పు తీర్చి తీరాలని పట్టుబట్టిన ఇంట్లో పెరిగినవాడి అవస్థ మాత్రం ఎవరూ రాసినట్టు లేదు. ఎందుకు రాస్తారు? లోకం దృష్టిలో అదొక ఘనకార్యం. ఆ రోజుల్లో మా దబీర్‌పురా గల్లీలో, పదేళ్ల అప్పును సగం కాలంలో వదిలించుకున్న ఇల్లు అని మా ఇంటిని వేలు పెట్టి చూపించేవారు. ఆ వేలు కాస్త పక్కకు జరిపి, గుమ్మంలో అరిగిన చెప్పులతో నిలబడ్డ నన్ను ఒక్కడూ చూపించలేదు. ఎవరి నోరు కట్టేస్తే ఆ అప్పు తీరిందో, ఎవరి ఒంటి మీద నాలుగు రకాల నలుపులు వేలాడితే తీరిందో వాళ్లకేం తెలుసు? ఇన్నేళ్లయినా తలచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది. (కోపం తెచ్చుకోవద్దని డాక్టరు చెప్పాడు. ఇది రాయడం అయ్యేవరకు ఆయన మాట పక్కన పెడుతున్నాను.)

మా బాపు దర్జీ. షేర్వాణీ మెడపట్టీ నిలబెట్టడంలో ఆయనకు పేరుండేది. మేము అద్దెకున్న ఇల్లు చిన్నది. వీధి వైపు ఒక అర్ర, దాని వెనక ఇంకో అర్ర, మంచం పట్టేంత వాకిలి, వెనక సందులోకి ఒక తలుపు. ముందర అర్రలో మిషన్ వేసుకుని బాపు కుట్టేవాడు. నాకు పద్నాలుగేళ్లప్పుడు ఇంటాయన బెజవాడలో ఉన్న కొడుకు దగ్గరికి వెళ్లిపోతూ ఇల్లు అమ్మకానికి పెట్టాడు. "ఆరొందలకు నీకే ఇస్త దర్జీ. ఇన్నేండ్లసంది ఉంటున్నవ్, ఇంకోనికెందుకు ఇయ్యాలె?" అన్నాడు. మా ఇంట్లో ఆరు రూపాయలు ఒకచోట చేరితేనే పండగ. ఆరు వందలంటే బాపు రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. అప్పుడు రంగంలోకి దిగాడు మిర్చి సేటు. గల్లీ మొదట్లో ఆయనది ఎండుమిర్చి టోకు దుకాణం. సరుకు పెట్టుకోవడానికి తేమ తగలని గది కోసం వెతుకుతున్నాడు. "ఆరొందలు నేను ఇంటాయనకు కడ్త. నాకు మిత్తి వద్దు. మిత్తికి బదులు నీ ముందర అర్ర ఇయ్యి. పదేండ్లల్ల అసలు కట్టి అర్ర తీస్కో. ముందుగల్ల కడ్తే ముందుగల్లనే తీస్కో, నాకేం అడ్డం లేదు" అన్నాడు. వడ్డీ బదులు గది అనుభవించే తాకట్లు అప్పట్లో మామూలే. బాపు సరేనన్నాడు. అట్లా మేము ఇంటివాళ్లమయ్యాం. ఇల్లు మాది, వీధి తలుపు మిరపకాయలది. మేము మాత్రం వెనక సందులోంచి మురికి కాలవ దాటి వచ్చిపోవాలి.

తాకట్టు కాగితం రిజిస్ట్రీ కచేరీలో ఉర్దూలో రాశారు. ఉర్దూ మాట్లాడటం బాపుకు నీళ్లు తాగినంత తేలిక, చదవడం మాత్రం రాదు. ఇట్లాంటివాళ్ల కోసం ఒక పద్ధతి ఉండేది. చదువు వచ్చిన తమ మనిషిని వెంట తెచ్చుకుంటే, అతను కాగితమంతా పైకి చదివి, అర్థం చెప్పి, అడుగున "చదివి వినిపించినవాడు" అని తన సంతకం పెట్టేవాడు. మా గల్లీలో ఆ పని ఎదురింటి పెన్షన్ సాబ్ చేసేవారు. ఏదో దఫ్తర్‌లో ముప్పయ్యేళ్లు రాతపని చేసి పెన్షన్ పుచ్చుకుంటున్న పెద్దమనిషి, ఎవరు పిలిచినా కాదనరు. అమ్మ ఆయన్నే తీసుకుపొమ్మంది. బాపు వినలేదు. "నా కొడుకు ఉర్దూ బడిల ఏడో జమాత్ సదువుతుంటే ఇంకొకల్లను ఎందుకు బతిలాడాలె?" అన్నాడు. (పద్నాలుగేళ్లవాడి సంతకం చెల్లుతుందా అని ఇప్పటి వకీళ్లు అడగొచ్చు. ఆ రోజు ఎవరూ అడగలేదు.) నేను పదిమంది మధ్య నిలబడి గడగడా చదివాను. ఆరు వందల రూపాయలు, అందులో సగం మూడు వందలు (ఎవరూ అంకె దిద్దకుండా అట్లా సగం కూడా రాసేవారు), ఇంటి నాలుగు హద్దులు, పదేళ్ల గడువు, అన్నీ తెలుగులో విడమరిచి చెప్పాను. మధ్యలో ఒకచోట కొంచెం దగ్గు వచ్చింది. కచేరీలో దుమ్ము అట్లా ఉండేది. చివర నా సంతకం పెట్టాను. ఆ సంతకం సాధన కోసం ఆరు నెలలుగా బొగ్గుతో గల్లీ గోడలన్నీ ఖరాబు చేసి ఉన్నాను, దాని తోకే బెత్తెడు ఉండేది. వచ్చేటప్పుడు బాపు దారిలో ఆగి, దగ్గుకు మంచిదని ఒక అణా పటికబెల్లం కొని నా చేతిలో పెట్టాడు. ఆ గర్వంతో నేను వారం రోజులు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు.

మరునాడే మిర్చి బస్తాలు దిగాయి. అంతవరకు మా ఇంట్లో తుమ్ము అపశకునం. ఆ రోజు నుంచి తుమ్మకపోతే అనుమానించే పరిస్థితి వచ్చింది. అమ్మ తుమ్ముతూ వండేది, బాపు తుమ్ముతూ కత్తిరించేవాడు, నాకన్నా ఆరేళ్లు చిన్నదైన మా చెల్లె ఎక్కాలు తుమ్ముల మధ్య ఖాళీల్లో నేర్చుకుంది. అన్ని మిరపకాయల పక్కన బతుకుతూ మేము మిరపకాయలు కొనుక్కుని తిన్నామంటే నమ్ముతారా? రెండు అర్రల నడుమ మూసేసిన తలుపు ఉండేది. దాని సందులోంచి మా వైపు కాయలు రాలేవి. వాటిని ముట్టుకుంటే అమ్మ ఊరుకునేది కాదు. "సేట్ సొమ్ము మనకెందుకు? ఏరి గుడ్డల ముడెయ్యి" అనేది. ఆ ముడి నెలనెలా సేటుకు తిరిగి పంపేది. దొంగసొత్తు అప్పగించినట్టు దాన్ని మోసుకుపోయేవాణ్ణి నేను.

అసలు బాధ బాపుది. వెనక అర్రలో వెలుతురు లేదు, మిషన్ పడితే మనుషులు పట్టరు. అందుకని ఆయన మిషన్‌తో సహా వీధి అరుగు మీదికి వచ్చాడు. తన అర్ర తలుపుకు వీపు ఆనించి, తన ఇంటి బయట కూర్చుని కుట్టేవాడు. వాన వస్తే మిషన్ మీద మైనపు గుడ్డ కప్పి, తను తడిసేవాడు. షేర్వాణీ కుట్టించుకునే పెద్దమనిషి నడివీధిలో చేతులు చాచి కొలత ఇస్తాడా? పేరున్న బేరాలన్నీ మెల్లగా వేరే దుకాణాలకు పోయాయి. పైజామాలు, దిండు గలీబులు మిగిలాయి. ఒక వానాకాలం ఆయన మోకాళ్లు పట్టేసి లేవలేకపోతే, ఆ రోజు అమ్మ పొయ్యి ముందు నిలబడి ఒట్టేసింది. "పదేండ్లు గాదు. అయిదేండ్లల్ల ఈన అర్రల గూసోవాలె. ఎట్ల గూసోడో నేను సూస్త" అంది. ఆ మాట విని నేనూ తలూపాను. ఆ ఒట్టు బరువు ఎవరి నెత్తిన పడబోతోందో అప్పుడు తెలియదు.

పొయ్యి పక్క గోడకు ఏడు గూళ్లు ఉండేవి, దీపాలు పెట్టుకునేవి. అమ్మ వాటిని ఖజానా చేసింది. ఒక గూడు బియ్యానికి, ఒకటి దీపాల గ్యాస్‌నూనెకు, ఒకటి కట్టెలకు, ఒకటి పాలకు, ఒకటి చెల్లె బడికి, ఒకటి జ్వరాలకు. ఏడోది, అన్నిటికన్నా పెద్దది, అర్ర విడిపించడానికి. నెల మొదట్లో పైసలు పంచి పెట్టేది. నెలాఖరున ఏ గూట్లో ఏం మిగిలినా ఏడో గూట్లోకి పోవాల్సిందే, ఏడో గూట్లోంచి మాత్రం చిల్లిగవ్వ వెనక్కి రాదు. జ్వరాల గూడు మిగలాలని ఆవిడ మాకు జ్వరం కూడా రానిచ్చేది కాదు. నుదురు కాలిపోతోందే అంటే "ఎండల తిరిగొచ్చినవ్, నీళ్లు తాగి పండుకో" అనేది. నాకంటూ ఒక గూడు లేదేమని అడిగితే "ఏందిరా, బియ్యం గూట్ల నువ్వు లేవా?" అంది.

పదిహేడేళ్లకు నాకు అఫ్జల్‌గంజ్ అవతల ఒక దఫ్తర్‌లో నకలు గుమాస్తా ఉద్యోగం దొరికింది. చక్కగా రాసిన కాగితాలను చూసి ఇంకా చక్కగా రాయడం నా పని. జీతం నెలకు ఇరవై రెండు రూపాయలు. హాలీ సిక్కా, అంటే నిజాం రాజ్యపు సొంత రూపాయలు, చార్మినార్ బొమ్మవి. మొదటి జీతంతో ఏమేం చేయాలో నా దగ్గర పెద్ద పట్టీ ఉంది. ఇరానీ హోటల్లో కూర్చుని మలాయి చాయ్, నడిస్తే కిర్రుమనే బూట్లు, నెలకో సినిమా. ఇంటికి రాగానే అమ్మ కొంగు పట్టింది. ఇరవై రెండు అందులో పడ్డాయి. ఎనిమిది అణాలు తిరిగి వచ్చాయి.

"ఇదేందే? నెలకా?" అన్నాను.

"కాదు, పూటకు!" అంది అమ్మ, గూళ్ల వైపు తిరిగి పంపకం మొదలుపెడుతూ. అందులో పదిహేను ఏడో గూట్లోకి పోయాయి.

ఇక షేర్వాణీ సంగతి. దఫ్తర్‌కు నల్ల షేర్వాణీ లేకుండా పోరాదు. ఊళ్లో పేరున్న షేర్వాణీ దర్జీ కొడుకును కదా, ఇంకేం అనుకున్నాను. గుడ్డ కొనాలంటే ఏ గూడూ ఒప్పుకోలేదు. చివరికి బాపు కత్తిరింపుల్లో మిగిలిన ముక్కలు ఏరి కుట్టాడు. కుట్టు అద్భుతం, అందులో వంక లేదు. కానీ ముందు భాగం ఒక నలుపు, వీపు ఒక నలుపు, చేతులు కాస్త ఆకుపచ్చకు తిరిగిన నలుపు, మెడపట్టీ చింతగింజ రంగు. నీడలో అంతా ఒకటే. ఎండలోకి వస్తే నాలుగూ నాలుగు దిక్కులా కనిపించేవి. అందుకని నేను దారంతా గోడల నీడన నడిచేవాణ్ణి. దఫ్తర్‌లో ఒకడు రోజూ కిటికీ రెక్క తీసి, వెలుగు నా మీద పడేట్టు చేసి "జనాబ్, ఆజ్ కిత్తే కాలే హైఁ?" అని ఆ రోజు ఎన్ని నలుపులున్నాయో లెక్క పెట్టేవాడు. చెప్పుల అడుగులు అరుగుతాయని అమ్మ వాటిని చేత్తో పట్టుకుపొమ్మనేది. దఫ్తర్ మలుపు దగ్గర తొడుక్కునేవాణ్ణి. ఇదంతా ఒక గది కోసం!

నెలనెలా మొదటి శుక్రవారం సెలవు పూట బాపు అయిదూ నా పదిహేనూ కలిపి ఇరవై రూపాయలు, ఆ మిరపకాయల ముడి సేటుకు ఇచ్చి రసీదు తెచ్చేవాణ్ణి. చల్లటి అర్ర తొందరగా చేజారడం ఆయనకు సుతరామూ ఇష్టం లేదు. ఇరవై చూడగానే మొహం వాడేది. "గిదేందయ్యా, కట్టేది అయిదే గద. పదేండ్లు గడువున్నది. మీ అమ్మకు గంత తొందరేంది? నీ కాళ్లు సూడు, ఎట్ల పగిలినయో. ఈ నెల మంచి బూట్లు కొనుక్కో బిడ్డా, నేనేమనుకోను" అనేవాడు. మొత్తం షహర్‌లో నా కాళ్ల గురించి ఆలోచించిన మనిషి ఆయనొక్కడే. ఎందుకాలోచిస్తున్నాడో తెలిసినా నాకు కళ్లల్లో నీళ్లు తిరిగేవి. ఆ మాట ఇంటికి మోసుకొచ్చి "సేట్ గూడ బూట్లు కొనుక్కోమన్నడే" అన్నాను. "ఆయన మిర్చి సల్లగ పండుకున్నది, గట్లనే అంటడు" అంది అమ్మ.

మొదటి మూడేళ్లు బాపు ఒక్కడే కట్టింది నూట ఎనభై. నేను చేరాక ఇరవై ఒక్క నెలల్లో నాలుగు వందల ఇరవై. వెరసి ఆరు వందలు. రసీదులన్నీ అమ్మ ఒక తీగకు గుచ్చి పెట్టింది. ఆఖరి ఇరవై ఇచ్చే శుక్రవారం సేటునే ఇంటికి పిలిచాం. ఎండలు ముదిరి, రేపోమాపో వానలు పడేట్టున్నాయి. అమ్మ జ్వరాల గూడు దులిపి పోలెలు, అదే బొబ్బట్లు, చేసింది. బాపు మిషన్‌కు నూనె వేసి, తుడిచి, పసుపు కుంకుమ పెట్టి, అరుగు మీద తలుపు వైపు తిప్పి నిలబెట్టాడు. తాళం తీయగానే లోపలికి జరపడమే. పాలవాళ్లు, కూరగాయల అవ్వ, ఎదురరుగు మీద పెన్షన్ సాబ్, అందరూ చూస్తున్నారు. సేటు వచ్చాడు, రెండు పోలెలు తిన్నాడు, ఇరవై రూపాయలు లెక్కపెట్టి జేబులో వేసుకుని రసీదు రాశాడు.

"మంచిగైంది దర్జీ. ఇగ వంద మిగిలినయ్. దసరా దాటినంక ఇచ్చినా ఫికర్ లేదు" అన్నాడు మూతి తుడుచుకుంటూ.

"ఏం వంద?" అన్నాను.

"మిగిలిన వంద. ఆరొందలు కల్దార్ గదయ్యా. మీరిచ్చినయి ఆరొందలు హాలీ."

ఇప్పటివాళ్లకు ఇది చెప్పాలి. అప్పట్లో మాకు రెండు రకాల రూపాయలు. మా రాజ్యంలో చెల్లేది హాలీ, ఇంగ్లీషు ఇలాకాలో చెల్లేది రాజు తలకాయ ఉన్న కల్దార్. కల్దార్ విలువ ఎక్కువ, ఇంచుమించు ఆరు కల్దార్లకు ఏడు హాలీలు. బెజవాడ పోయే ఇంటాయన అక్కడ చెల్లే డబ్బే అడిగి తీసుకున్నాడట. సేటు ఆయనకు సంచిలో పోసి ఇచ్చింది కల్దార్లట. మేము ఆ సంచి మూతి కూడా చూడలేదు. ఆరు వందల కల్దార్లంటే ఏడు వందల హాలీలు. వంద రూపాయలంటే ఇంకో అయిదు నెలలు, అంటే వానాకాలం మొత్తం.

నా తల్లో ఏదో తెగింది. అయిదేళ్ల తుమ్ములు, నాలుగు నలుపులు, తాగని చాయ్‌లు, రానివ్వని జ్వరాలు అన్నీ ఒక్కసారి గొంతులోకి వచ్చాయి. "పట్టపగలు దోపిడీ! సదువురాని దర్జీ అని కాయితం మార్చినవా? మా అమ్మ కడుపు మాడ్చుకుని కట్టిందయ్యా! ఒక్క మిరపకాయ ముట్టలే మేము! రాండ్రి, సూడుండ్రి, సేట్ చేసిన దగా!" అని గల్లీ దద్దరిల్లేట్టు అరిచాను. నలుగురు చేరారు, నలుగురు నలభై అయ్యారు. సేటు మొహం పాలిపోయింది. "దగా ఏందయ్యా? ప్రతి రసీదు మీద హాలీ అని రాసిచ్చిన గద" అన్నాడు. "ఇన్నేండ్లల్ల ఒక్క మాటన్న జెప్పినవా?" "మీరు అడగలే. తెల్సనుకున్న." (ఈ మాటకు మాత్రం నేను ఆయన్ని ఇప్పటికీ క్షమించలేదు.) బాపు నా చెయ్యి పట్టుకుని "ఊకో కొడుకా, లొల్లి వద్దు" అన్నాడు. "నువ్వూకో బాపు! నీకేం తెల్వదు!" అని నలభై మంది ముందు ఆయన చెయ్యి విదిలించేశాను.

సేటు పరుగున పోయి ఇనుప పెట్టెలోంచి కాగితం తెచ్చాడు. పెన్షన్ సాబ్ అరుగు దిగి వచ్చారు. "అరె మియాఁ, ఇత్తా గుస్సా కైకూ? కాగజ్ లావ్, దేఖేంగే" అని అద్దాలు తుడిచి పెట్టుకుని, దాన్ని వెలుగుకు పట్టి చదివారు. "ఛే సౌ రూపియే, సిక్కా-ఎ-కల్దార్, నిస్ఫ్ జిస్కే తీన్ సౌ... సాఫ్ లిఖా హై. కల్దారే హై" అన్నారు. ఆరు వందల కల్దార్లు, అందులో సగం మూడు వందలు అని స్పష్టంగా రాసి ఉందట. నేను ఇంకా ఊగిపోతూనే ఉన్నాను. ఆయన నిదానంగా అడుగుదాకా వెళ్లి, "పఢ్ కర్ సునానేవాలా..." అంటూ ఆగి, నా పేరు చదివి, అద్దాల మీంచి నన్ను చూశారు. "యే దస్తఖత్ తుమారీచ్ హై నా? బడీ లంబీ దుమ్ హై" అన్నారు, ఈ సంతకం నీదే కదా, తోక బాగా పొడుగుందే అని.

బెత్తెడు తోక కాగితం మీదా నలభై మంది కళ్ల ముందూ ఆడింది. ఆ చోటు నాకు అప్పుడు గుర్తొచ్చింది. రూపాయలకూ సగానికీ నడుమ రాసేవాడు కలం ఎత్తకుండా, చుక్కలు పెట్టకుండా, సిరాలో పడ్డ చీమ పారిపోయినట్టు ఒక గీత గీసిపడేశాడు. కచేరీల్లో అందరూ అట్లాగే రాసేవారు, దాన్నే షికస్తా అనేవారు. బడిలో మాకు నేర్పింది ముత్యాల్లాంటి అక్షరాలు. ఆ గీత నాకు అంతుపట్టలేదు. పదిమంది చూస్తున్నారు, బాపు మొహం వెలిగిపోతోంది. నాకు రాదని ఎట్లా చెప్పను? దగ్గాను. దగ్గి, ఆ గీత మింగేసి, సగం మూడు వందలు అని గట్టిగా చదివాను. దుమ్మూ లేదు, ఏమీ లేదు.

నేను నోరు తెరిచేలోపే బాపు ముందుకొచ్చాడు. "పిలగాడు సదివిండు. కల్దారని గూడ జెప్పిండు. నేనే ఇనలే. ఇల్లు మనదైతున్నదన్న సంబురంల నాకు సోయి లేకుండె. తప్పు నాది సేట్, మాఫ్ చెయ్యి" అని చేతులు జోడించాడు. "గదేంది దర్జీ అన్నా, గంత మాట మర్సిపోతరా?" అని ఎవరో నవ్వారు. మిగతావాళ్లూ నవ్వారు. ఆ రోజు నుంచి గల్లీలో బాపును కల్దార్ దర్జీ అన్నారు, చివరిదాకా ఆ పేరు పోలేదు. అంత గొంతు చించుకున్న నేను అప్పుడు పెదవి కదపలేదు. నా జీవితంలో నేను సిగ్గుపడాల్సినవి చాలా ఉన్నాయి, అందులో మొదటిది ఇదే. అమ్మ ఒక్కసారి నా వైపు చూసి, "అయిందేదో అయింది. పోలెలు సల్లారుతున్నయ్, తినుండ్రి" అని సేటుకు మూడోది కూడా వడ్డించింది.

ఇంట్లో ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. తిడితే ఎదురు తిరిగేవాణ్ణి, నాకా అవకాశం కూడా ఇవ్వలేదు. మూడో రోజే వానలు మొదలయ్యాయి. మైనపు గుడ్డ కింద మిషన్, మిషన్ పక్కన తడుస్తూ బాపు. నేను ఎదురింటికి పోయి పెన్షన్ సాబ్‌ను షికస్తా నేర్పమని అడిగాను. ఎందుకని ఆయన అడగలేదు, పాత కాగితాల కట్ట ముందు వేశారు. నెల తిరిగేసరికి దఫ్తర్ నుంచి రాగానే బాపు పక్కన అరుగు మీద కూర్చుని, గల్లీవాళ్లకు నాలుగణాలకు ఒకటి చొప్పున అర్జీలు రాసిపెట్టడం మొదలుపెట్టాను. ఇద్దరం ఒకే గుడ్డ కింద. ఆయన కుట్టేవాడు, నేను రాసేవాణ్ణి. అమ్మ ఇచ్చే ఎనిమిదణాలు కూడా నేనే తీసుకెళ్లి ఏడో గూట్లో పెట్టేవాణ్ణి. మొదటిసారి పెట్టినప్పుడు ఆవిడ చూసి కూడా చూడనట్టు కట్టెలు ఎగదోసింది. అయిదు నెలల బాకీ నాలుగు నెలల్లో తీరింది.

విడుదల కాగితం రాయడానికి మళ్లీ అదే కచేరీ, అదే రాసేవాడు, అదే చీమ గీతలు. ఎవరు చదువుతారని అడిగాడు. పెన్షన్ సాబ్‌ను పిలుచుకొస్తానని నేను కదిలాను. "ఎందుకు? మావోడే సదువుతడు" అన్నాడు బాపు, నా మొహం చూడకుండా. చదివాను. గడగడా కాదు, ఒక్కో మాటా వేలితో పట్టుకుని. కల్దార్ అన్న చోట ఆగి రెండుసార్లు చదివి, తెలుగులో అర్థం చెప్పి, ముందుకు పోయాను. ఎక్కడా దగ్గలేదు. అడుగున సంతకం పెట్టాను, తోక లేకుండా. బయటికి వచ్చాక బాపు నాలుగడుగులు వేసి నిలబడ్డాడు. జేబులో చెయ్యి పెట్టి చిన్న కాగితం పొట్లం తీసి నా చేతిలో పెట్టాడు. విప్పితే పటికబెల్లం.

"తిను. దగ్గు తగ్గింది గద" అన్నాడు.

ఆయనకు ఎప్పుడు తెలిసిందో నేను అడగలేదు. అరుగు మీద వానలో తెలిసిందో, పెన్షన్ సాబ్ నా పేరు చదివినప్పుడు తెలిసిందో, లేక మొదటి పొట్లం కొన్న రోజే తెలుసో. అడుగుదామని చాలాసార్లు అనుకున్నాను, ఆయన పోయేదాకా అనుకుంటూనే ఉన్నాను.

అర్ర ఖాళీ అయ్యాక అమ్మ మూడు రోజులు కడిగి సున్నం వేసింది. ఏం లాభం? గోడలు ఇంకో ఏడాది మిర్చి వాసన కొట్టాయి. ఛాతీ కొలత తీస్తుంటే పెద్దమనుషులు తుమ్మేవారు, ఆ తుమ్ముతో రెండంగుళాలు పెరిగేవారు. తుమ్ముకు ముందు కొలత రాయాలా, తర్వాతదా అని బాపు నన్ను అడిగేవాడు. అయినా పాత బేరాలు తిరిగొచ్చాయి. ఆ అర్రలో ఆయన కుట్టిన మొదటి షేర్వాణీ నాదే, మెడ నుంచి కింది దాకా ఒకే నలుపు. అది తొడుక్కుని నేను మొదటిసారి నడిరోడ్డు మీద ఎండలో నడిచాను.

ఇప్పుడు నాకు బాపు అప్పటి వయసుకన్నా ఎక్కువే. మనవడు ఏదో ఫారం తెచ్చి "తాతా, ఇదేంటో చదివి చెప్పు" అంటాడు. అడుగున చీమల బారులాగా సన్న అక్షరాలు ఉంటాయి. వాడు నా మొహంలోకి నమ్మకంగా చూస్తుంటాడు. నా ఖర్మ, సరిగ్గా అక్కడికి రాగానే గొంతులో గరగర మొదలవుతుంది. ఇంతవాణ్ణయ్యాక కూడా! నా మీద నాకే కోపం వస్తుంది, అంతలోనే నవ్వూ వస్తుంది. దగ్గుతాను. ఇంట్లోవాళ్లు పరుగెత్తుకొచ్చి మందు సీసా అందిస్తారు. ఈ దగ్గుకు మందు అది కాదని వాళ్లకు ఎట్లా చెప్పను?